ఆంతరంగిక కమిటీ సమావేశం: లోపల ఎవరుండాలి, ఓటు ఎవరిది, సంఘానికి ఏం చెప్పాలి

కమిటీ తలుపులు మూసుకుని కూర్చుందని తెలియగానే సంఘంలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. కొందరు “ఏదో దాస్తున్నారు” అంటారు. మరికొందరు “పెద్దలు చూసుకుంటారు, మనకెందుకు” అంటారు. ఈ రెండు మాటలూ సంఘానికి మేలు చేసేవి కావు. తలుపు మూయవలసిన సందర్భాలు నిజంగానే ఉంటాయి. అయితే మూసిన తర్వాత లోపల ఎవరు కూర్చోవచ్చు, ఎవరు ఓటు వేయవచ్చు, ఏది రాసుకోవాలి, ఏది బయటికి చెప్పాలి అన్నదానికి పద్ధతులున్నాయి. వాటిని కమిటీ సభ్యులే కాదు, వారిని ఎన్నుకునే విశ్వాసులు కూడా తెలుసుకోవాలని మేము కోరుతున్నాము.

మా ఉద్దేశం ముందుగానే చెబుతాము. తలుపు మూసేది మనిషి పరువు కాపాడడానికి. నిర్ణయాన్ని దాచడానికి కాదు. ఈ ఒక్క తేడా గుర్తుంటే కింద చెప్పబోయే నియమాలన్నీ సులువుగా అర్థమవుతాయి.

నియమాలు ఎక్కడి నుంచి వస్తాయి?

మొదటిది దేశ చట్టం. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో చాలా సంఘాలు, మిషన్ సంస్థలు సొసైటీలుగా నమోదయ్యాయి. వీటికి 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం వర్తిస్తుంది. కొన్ని సంస్థలు లాభాపేక్ష లేని కంపెనీలుగా ఉన్నాయి. సీఎస్‌ఐ ఆస్తులను చూసే ట్రస్ట్ అసోసియేషన్ అలాంటిదే. వీటికి 2013 నాటి కంపెనీల చట్టం వర్తిస్తుంది. మరికొన్ని ట్రస్టులుగా ఉంటాయి. వాటికి ట్రస్టు డీడే ఆధారం.

రెండవది మీ సంస్థ నియమావళి, అంటే బైలాలు లేదా రాజ్యాంగం. చట్టానికి విరుద్ధం కానంతవరకు కమిటీకి ఇదే కట్టుబాటు.

మూడవది సభా మర్యాదల సంప్రదాయం. ప్రపంచమంతటా ఎక్కువగా వాడే పుస్తకం రాబర్ట్స్ రూల్స్ ఆఫ్ ఆర్డర్. దాని పుట్టుక ఒక సంఘంతో ముడిపడి ఉందని చాలామందికి తెలియదు. హెన్రీ మార్టిన్ రాబర్ట్ అమెరికా సైన్యంలో ఇంజనీరు. 1863లో మసాచుసెట్స్‌లోని న్యూ బెడ్‌ఫర్డ్‌లో ఒక బాప్టిస్టు చర్చిలో జరిగిన సభకు ఆయనను అధ్యక్షత వహించమన్నారు. సభ ఎలా నడపాలో ఆయనకు తెలియదు. అది గందరగోళంగా ముగిసింది. ఆ తర్వాత ఆయన సభా పద్ధతులను శ్రద్ధగా చదివి, 1876లో తన పుస్తకం మొదటి ముద్రణ తెచ్చారు. 2020లో పన్నెండవ ముద్రణ వచ్చింది. మీ నియమావళి ఈ పుస్తకాన్ని అంగీకరిస్తే తప్ప అది మీకు చట్టం కాదు. కానీ మీ నియమావళి మౌనంగా ఉన్నచోట న్యాయమైన దారి చూపిస్తుంది.

తలుపు ఎప్పుడు మూయాలి?

మత్తయి సువార్త 18వ అధ్యాయంలో తప్పు చేసిన సహోదరునితో మొదట ఒంటరిగా మాట్లాడమని, తర్వాత ఒకరిద్దరిని తోడు తీసుకెళ్లమని, ఆ పైనే సంఘానికి తెలియజేయమని ప్రభువు చెప్పారు. అంటే ప్రతి మాటా మొదటిరోజే పదిమందిలో పెట్టనవసరం లేదు. ఆంతరంగిక సమావేశానికి పునాది ఇదే.

సాధారణంగా ఇలాంటి విషయాలకు తలుపు మూయడం సబబు: ఒక వ్యక్తి ప్రవర్తన మీద వచ్చిన ఫిర్యాదు, ఉద్యోగి లేదా ఉపాధ్యాయుని మీద క్రమశిక్షణ చర్య, కోర్టులో నడుస్తున్న కేసుపై న్యాయవాది సలహా, ధర తేలని స్థలం కొనుగోలు, ఒక కుటుంబానికి ఇచ్చే వైద్య సహాయం లేదా అప్పుల వివరం. ఏడాది జమాఖర్చులు, కానుకల లెక్క, చర్చి భవనం కాంట్రాక్టు ఎవరికి ఇచ్చారన్నది, ఎన్నికల తేదీ వంటివి ఈ కోవలోకి రావు. “ఎవరైనా ప్రశ్నలు అడుగుతారేమో” అన్న భయం తలుపు మూయడానికి కారణం కాదు.

తలుపు మూయాలన్నా ఒక పద్ధతి ఉంది. అధ్యక్షులు తమంతట తాము ప్రకటించడం కాదు. ఒక సభ్యుడు ప్రతిపాదించాలి, మరొకరు బలపరచాలి, ఓటుకు పెట్టాలి. రాబర్ట్స్ పద్ధతిలో దీనికి సాధారణ మెజారిటీ చాలు. ఏ అంశం కోసం మూస్తున్నారో మినిట్స్‌లో రాయాలి. ఆ అంశం ముగిశాక మళ్లీ మామూలు సమావేశానికి రావాలి. ఒక అంశం కోసం మూసిన తలుపు వెనుక మరో మూడు అంశాలు తేల్చేయడం మన కమిటీల్లో తరచుగా జరిగే తప్పు.

లోపల ఎవరుండవచ్చు?

సభ్యులకు ఆ గదిలో కూర్చునే హక్కు ఉంది. హోదారీత్యా సభ్యులైన వారికీ అదే హక్కు ఉంది. నియమావళి వేరుగా చెప్పకపోతే వారికి ఓటు కూడా ఉంటుంది. ఫలానా సభ్యుడు అడ్డు తగులుతాడని అతనికి కబురు పెట్టకుండా సమావేశం జరపడం చెల్లదు. నోటీసు అందరికీ వెళ్లాలి. కంపెనీ అయితే బోర్డు సమావేశానికి కనీసం ఏడు రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలని చట్టం చెబుతుంది. సొసైటీ అయితే నియమావళిలో ఉన్న గడువు పాటించాలి.

సభ్యులు కానివారు కమిటీ పిలిస్తేనే రావాలి. న్యాయవాది, ఆడిటరు, పాఠశాల ప్రధానోపాధ్యాయులు, ఆఫీసు గుమస్తా వంటి వారిని అవసరమైనంతసేపు కూర్చోబెట్టవచ్చు. వారు మాట్లాడవచ్చు, అడిగినదానికి జవాబు చెప్పవచ్చు. వారికి ఓటు లేదు. వారిని కోరంలో లెక్కపెట్టకూడదు. వారి పని ముగిశాక, ఓటింగుకు ముందే బయటికి పంపడం మంచి పద్ధతి.

ఇక్కడ మన సంఘాల్లో కాస్త మొహమాటం అడ్డు వస్తుంది. పాస్టరమ్మగారు, మాజీ కార్యదర్శి, పెద్ద దాత, కమిటీ సభ్యుని అన్నగారు లోపల కూర్చుంటే లేవమనడానికి ఎవరికీ నోరు రాదు. వారు ఎంత గౌరవనీయులైనా, కమిటీలో సభ్యత్వం లేకపోతే ఆ అంశం చర్చకు వచ్చినప్పుడు బయట ఉండాలి. ఇది అగౌరవం కాదు. “అయ్యా, ఈ ఒక్క అంశానికి సభ్యులమే ఉంటాము” అని అధ్యక్షులు అందరికీ కలిపి చెబితే ఎవరి మనసూ నొచ్చుకోదు.

హాజరు, కోరం

కోరం లేనిదే నిర్ణయం లేదు. తలుపు మూసినంత మాత్రాన కోరం తగ్గదు. మీ నియమావళిలో కోరం సంఖ్య ఉంటే అదే అంతిమం. లేకపోతే రాబర్ట్స్ పద్ధతిలో సభ్యులలో సగానికి మించినవారు ఉండాలి. పదిహేనుమంది కమిటీకి ఎనిమిదిమంది. కంపెనీల చట్టం 174వ సెక్షన్ ప్రకారం మామూలు కంపెనీ బోర్డుకు మొత్తం డైరెక్టర్లలో మూడవ వంతు లేదా ఇద్దరు, వీటిలో ఏది ఎక్కువైతే అది కోరం. లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీలకు ఎనిమిదిమంది లేదా నాలుగవ వంతు, ఏది తక్కువైతే అది. కానీ ఇద్దరికి తగ్గకూడదు.

సమావేశం మొదలైనప్పుడు సంతకాలు లెక్కపెట్టి కోరం ఉందని తృప్తిపడితే చాలదు. ఓటు వేసే సమయానికి గదిలో ఎంతమంది ఉన్నారన్నదే ముఖ్యం. ఆంతరంగిక సమావేశాలు సాధారణంగా రాత్రి ఆలస్యంగా, ఎజెండా చివరన జరుగుతాయి. ఊళ్లనుంచి వచ్చినవారు ఆఖరి బస్సుకు వెళ్లిపోతారు. మిగిలిన అయిదారుగురు ఒక పాస్టరు భవిష్యత్తును తేల్చేస్తారు. అందుకే కార్యదర్శి ఓటుకు ముందు మళ్లీ తల లెక్కపెట్టి, ఆ సంఖ్యను మినిట్స్‌లో రాయాలి.

తరచూ గైర్హాజరయ్యేవారి సంగతి కూడా చెప్పుకోవాలి. కంపెనీల చట్టం 167వ సెక్షన్ ప్రకారం పన్నెండు నెలలపాటు జరిగిన బోర్డు సమావేశాలన్నింటికీ రాని డైరెక్టరు, సెలవు అడిగినా అడగకపోయినా, పదవి కోల్పోతారు. సొసైటీల నియమావళుల్లోనూ ఇలాంటి నియమం ఉంటే మంచిది. పేరుకు కమిటీలో ఉండి సమావేశానికి రానివారి వల్ల కోరం కష్టమవుతుంది, బాధ్యత కొద్దిమంది మీదే పడుతుంది.

రానివారి తరఫున మరొకరు ఓటు వేయవచ్చా? కమిటీ సమావేశంలో కుదరదు. కమిటీ సభ్యుడిని ఎన్నుకున్నది అతని వివేచన కోసం. చర్చ వినకుండా ముందే చీటీ రాసి పంపిన ఓటు ఆ వివేచన కాదు.

సొంత ప్రయోజనం ఉన్నవారు

అన్నిటికంటే ఎక్కువ గొడవలు ఇక్కడే పుడతాయి. కమిటీ సభ్యుని కుమారుడికి మిషన్ పాఠశాలలో ఉద్యోగం, సభ్యుని బంధువుకు కాంట్రాక్టు, సభ్యుని సొంత స్థలం చర్చికి అమ్మకం వంటి అంశం వస్తే ఆ సభ్యుడు ఏం చేయాలి?

రాబర్ట్స్ పద్ధతిలో, ఇతర సభ్యులకు లేని ప్రత్యక్ష ఆర్థిక ప్రయోజనం ఒకరికి ఉంటే వారు ఓటు వేయకుండా ఉండడం ధర్మం. అయితే వారిని బలవంతంగా ఆపే అధికారం సభకు లేదు. కంపెనీల చట్టం ఇంకా గట్టిగా ఉంటుంది. 184వ సెక్షన్ ప్రకారం సంస్థ చేసుకునే ఒప్పందంలో ప్రయోజనం ఉన్న డైరెక్టరు ఆ విషయం బోర్డుకు వెల్లడించాలి, ఆ అంశంపై చర్చలో పాల్గొనకూడదు. సెక్షన్ 8 కంపెనీలకు ఇది లక్ష రూపాయలు దాటిన లావాదేవీలకు వర్తిస్తుంది.

సంఘ కమిటీలు ఇందులో కఠినమైన దారినే ఎంచుకోవాలని మా అభిప్రాయం. ఆ సభ్యుడు తన సంబంధం చెప్పి, అడిగిన ప్రశ్నలకు జవాబిచ్చి, చర్చకు, ఓటుకు ముందే గది విడిచి వెళ్లాలి. ఆ సంగతి మినిట్స్‌లో రాయాలి. ఆయన వెళ్లాక కోరం ఉందో లేదో మళ్లీ చూసుకోవాలి. కోరం తగ్గితే అంశాన్ని మరో రోజుకు వాయిదా వేయాలే తప్ప ఆయనను వెనక్కి పిలిచి లెక్క నింపకూడదు.

పౌలు యెరూషలేము పరిశుద్ధుల కోసం కానుకలు పోగుచేసినప్పుడు ఆ సొమ్ము తానొక్కడే మోయలేదు. నింద రాకూడదని నమ్మకస్తులను తోడు ఉంచుకున్నాడు. రెండవ కొరింథీయుల పత్రిక 8వ అధ్యాయంలో ఆ జాగ్రత్త కనిపిస్తుంది. నిజాయితీ ఉంటే చాలదు, అది నలుగురికీ కనబడాలి అన్నది అక్కడి పాఠం.

కాపరి గారే అధ్యక్షులైనప్పుడు ఇది మరీ ముఖ్యం. ఆయన జీతం, బదిలీ, ఆయన మీద వచ్చిన ఫిర్యాదు చర్చకు వస్తే అధ్యక్ష స్థానాన్ని ఉపాధ్యక్షులకు లేదా ఆ అంశానికి ఎన్నుకున్న మరో సభ్యునికి అప్పగించాలి. ఫిర్యాదు ఎదుర్కొంటున్న వ్యక్తికి తన మాట చెప్పుకునే అవకాశం తప్పక ఇవ్వాలి. మొదటి తిమోతి పత్రిక 5వ అధ్యాయం పెద్ద మీద దోషారోపణకు ఇద్దరు ముగ్గురు సాక్షులను కోరుతుంది. నిందితుని మాట వినకుండా, సాక్ష్యం చూడకుండా వేసిన ఓటు, ఎంత పెద్ద మెజారిటీతో నెగ్గినా, న్యాయం అనిపించుకోదు.

ఓట్లు లెక్కపెట్టే తీరు

“మెజారిటీ” అన్న మాటను ఒక్కో నియమావళి ఒక్కోలా వాడుతుంది. ఒక ఉదాహరణ చూద్దాం. పదకొండుమంది హాజరయ్యారు. అయిదుగురు అనుకూలం, నలుగురు వ్యతిరేకం, ఇద్దరు తటస్థం. “పోలైన ఓట్లలో మెజారిటీ” అని నియమావళి చెబితే తీర్మానం నెగ్గింది. తటస్థులు లెక్కలోకి రారు. “హాజరైన సభ్యులలో మెజారిటీ” అని ఉంటే ఆరు ఓట్లు కావాలి. తీర్మానం వీగిపోయింది. “మొత్తం సభ్యులలో మెజారిటీ” అని ఉంటే, పదిహేనుమంది కమిటీలో ఎనిమిది ఓట్లు కావాలి. అవే చేతులు, అదే గది, మూడు లెక్కలు. ఓటింగు మొదలుకాకముందే కార్యదర్శి ఆ నిబంధనను పైకి చదివి వినిపిస్తే తర్వాత గొడవ ఉండదు.

ఓట్లు సమానమైతే తీర్మానం వీగిపోయినట్లే. అధ్యక్షులకు నిర్ణాయక ఓటు ఉందని నియమావళిలో రాసి ఉంటేనే వాడవచ్చు. చాలాచోట్ల అది ఉందని ఊహించుకుంటారు. పుస్తకం తెరిచి చూడరు. చిన్న కమిటీలో, అంటే పన్నెండుమంది లేదా అంతకు తక్కువ ఉన్నచోట, అధ్యక్షులు కూడా ఇతరుల్లాగే చర్చించి ఓటు వేయవచ్చని రాబర్ట్స్ పద్ధతి అంగీకరిస్తుంది.

వ్యక్తి మీద చర్య తీసుకునే అంశానికి చీటీల ఓటు మేలు. ఒకే ఊరివారు, చుట్టాలు, ఒకే వీధిలో ఉండేవారు కమిటీలో ఉంటారు. చేయెత్తి ఓటు వేసిన మరుసటి రోజు ఉదయం ముఖం చూసుకోవాలి. చీటీ ఉంటే మనస్సాక్షికి స్వేచ్ఛ ఉంటుంది.

వాట్సాప్ గ్రూపులో బొటనవేలు గుర్తు పెట్టడం ఓటు కాదు. అక్కడ అందరూ ఒకేసారి ఒకరి మాట ఒకరు వినడం లేదు. అత్యవసరంగా కాగితం తిప్పి నిర్ణయం తీసుకోవడానికి కంపెనీల చట్టం 175వ సెక్షన్ వీలిస్తుంది; కానీ ముసాయిదా డైరెక్టర్లందరికీ పంపాలి, మూడవ వంతు మంది సమావేశంలోనే తేల్చాలని కోరితే అలాగే చేయాలి, తర్వాతి సమావేశంలో దానిని నమోదు చేయాలి. వీడియో ద్వారా హాజరయ్యేవారు ఆంతరంగిక చర్చ సమయంలో తమ గదిలో వేరెవరూ లేరని చెప్పాలి. లోపల ఉన్నవారి ఫోన్లు ఆపి బల్లమీద పెట్టడం కూడా ఈ రోజుల్లో అవసరమే.

రహస్యం ఎంతవరకు?

లోపల ఎవరు ఏమన్నారన్నది బయట చెప్పకూడదు. రాబర్ట్స్ పద్ధతిలో ఈ నియమం మీరిన సభ్యునిపై క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చు. “కమిటీలో మీ వాడి గురించి ఫలానా ఆయన ఇలా అన్నాడు” అన్న ఒక్క మాటతో రెండు కుటుంబాలు ఏళ్ల తరబడి పలకరించుకోకుండా పోవడం చాలా ఊళ్లలో చూస్తున్నాము.

అయినా మినిట్స్ ఉండి తీరాలి. ఆంతరంగిక సమావేశం మినిట్స్ విడిగా రాసి, వాటిని మళ్లీ ఆంతరంగిక సమావేశంలోనే చదివి ఆమోదించాలి. మినిట్స్‌లో రాయవలసింది చేసిన పని, అన్న మాటలు కాదు. ఎవరు హాజరయ్యారు, ఎవరు ఏ అంశానికి బయటికి వెళ్లారు, తీర్మానం పూర్తి పాఠం, ఓట్ల సంఖ్య ఉండాలి. కంపెనీల బోర్డుల గురించి 118వ సెక్షన్ చెప్పే ఒక మాట ఏ సంఘ కమిటీ అయినా అనుసరించదగినది: తీర్మానానికి అంగీకరించని సభ్యుల పేర్లు మినిట్స్‌లో నమోదు చేయాలి. “నా అసమ్మతి రాయండి” అని అడిగే సభ్యుడు తిరుగుబాటుదారుడు కాదు. చేయెత్తి వేసిన ఓటులో అలా అడగడం అతని హక్కు.

ఇక నిర్ణయం మాత్రం బయటికి రావాలి. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో అపొస్తలులు, పెద్దలు యెరూషలేములో కూర్చుని పెద్ద వివాదాన్ని తేల్చారు. ఆ తర్వాత తీర్పును లేఖగా రాసి, యూదా, సీల అనే ఇద్దరి చేత పంపారు. అంతియొకయలో సంఘాన్ని కూర్చి ఆ లేఖ అందించారు. సంఘం దానిని చదివి సంతోషించింది. ఆ పద్ధతిలోనే “ఫలానా తేదీన కమిటీ ఆంతరంగికంగా సమావేశమైంది. ఇంతమంది హాజరయ్యారు. పాఠశాల సిబ్బంది విషయంలో ఒక నిర్ణయం తీసుకుంది. అది ఫలానా రోజు నుంచి అమలవుతుంది” అని ఆదివారం ప్రకటనల్లో నాలుగు వాక్యాలు చెప్పినా చాలు. పేర్లు అక్కరలేదు. ఆ నాలుగు వాక్యాలు లేకపోతే నలభై పుకార్లు పుడతాయి.

తలుపు దేనిని దాచలేదు?

అమెరికాలో జరిగిన ఒక సంగతి అన్ని సంఘాలకూ హెచ్చరిక. సదరన్ బాప్టిస్ట్ కన్వెన్షన్‌లో లైంగిక దాడుల ఫిర్యాదులను కార్యనిర్వాహక కమిటీ ఎలా చూసిందో విచారించాలని 2021 జూన్‌లో నాష్‌విల్‌లో జరిగిన వార్షిక సభలో సంఘాల ప్రతినిధులు తీర్మానించారు. న్యాయవాదులతో జరిగిన రహస్య సంప్రదింపులను కూడా విచారణ బృందానికి చూపాలన్నారు. కమిటీ వెంటనే ఒప్పుకోలేదు. వారాలపాటు వాదించి, చివరికి 2021 అక్టోబరు 5న 44–31 ఓట్లతో అంగీకరించింది. 2022 మే నెలలో విచారణ నివేదిక వెలువడింది. బాధితుల మొర ఏళ్ల తరబడి పక్కన పెట్టారని, నిందితులైన 700 మందికి పైగా వ్యక్తుల పేర్లతో ఒక జాబితా కార్యాలయంలో రహస్యంగా ఉండేదని అది బయటపెట్టింది. పేర్లు తెలిసీ సంఘాలను హెచ్చరించలేదు. సంస్థను కాపాడాలనుకున్న రహస్యం బలహీనులను కాపాడలేకపోయింది.

మన దేశంలో చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న అనుమానం ఉన్నా పోలీసులకు చెప్పాలని 2012 నాటి పోక్సో చట్టం 19వ సెక్షన్ ఆదేశిస్తుంది. చెప్పకపోవడం 21వ సెక్షన్ ప్రకారం నేరం. తన కింద పనిచేసేవారి విషయం దాచిన సంస్థ బాధ్యునికి ఏడాది వరకు జైలు, జరిమానా పడవచ్చు. “కమిటీలో రాజీ చేశాము”, “పాస్టరుగారు ప్రార్థన చేసి సర్దిచెప్పారు” అన్నది జవాబు కాదు. ఇలాంటి అంశం మీద ఓటింగే ఉండకూడదు. హాస్టళ్లు, పాఠశాలలు, సండేస్కూళ్లు నడిపే సంఘాలు దీనిని మొదట గుర్తుపెట్టుకోవాలి.

విశ్వాసులు ఏం చేయవచ్చు?

కమిటీ మినిట్స్ ప్రతి విశ్వాసీ అడిగి చూసే హక్కు సాధారణంగా ఉండదు. అయితే రాబర్ట్స్ పద్ధతిలో సర్వసభ్య సమావేశం మూడింట రెండు వంతుల ఓటుతో, ముందస్తు నోటీసు ఇస్తే సాధారణ మెజారిటీతోనే, కమిటీ మినిట్స్ తెప్పించుకుని చదివించవచ్చు. కమిటీ సంఘానికి జవాబుదారీ అన్నదానికి ఇదే గుర్తు. వివాదం లోపల తెగకపోతే, సొసైటీల చట్టం 23వ సెక్షన్ కింద మధ్యవర్తిత్వానికి లేదా జిల్లా కోర్టుకు వెళ్లవచ్చు. కానుకల సొమ్ము లాయర్ల ఫీజులకు పోకముందే నియమావళిని సరిచేసుకోవడం ఉత్తమం.

వచ్చే కమిటీ ఎన్నికలకు ముందు మీ నియమావళి తెరిచి అయిదు సంగతులు చూడండి. కోరం ఎంత? మెజారిటీ దేనిలో? అధ్యక్షులకు నిర్ణాయక ఓటు ఉందా? సొంత ప్రయోజనం ఉన్నవారు బయటికి వెళ్లాలని ఉందా? ఆంతరంగిక నిర్ణయాన్ని సంఘానికి ఎన్ని రోజుల్లో చెప్పాలి? వీటిలో ఏది లేకపోయినా సర్వసభ్య సమావేశంలో సవరణకు నోటీసు ఇవ్వండి. గొడవ లేని రోజుల్లో రాసుకున్న నియమమే గొడవ వచ్చిన రోజున అందరికీ సమానంగా పనిచేస్తుంది.